బాంజోలో మేజోడు, పక్కన మా ఆయన

బాంజో వాయించి బతుకుదామనుకునే తెలుగు ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారని నవ్వకండి. నాకు తెలిసే ఇద్దరున్నారు. అందులో ఒకమ్మాయి ఈమధ్య నా బాంజో పట్టుకుపోయింది, దాంతోపాటు మా ఆయన్ని కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నేను ముప్పై ఏళ్ళు మెల్‌బోర్న్‌లోనూ, విక్టోరియాలో దుమ్ము లేచే ప్రతి ఊళ్ళోనూ బ్లూగ్రాస్ పాడాను. అదేమిటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. అమెరికా కొండల్లో పుట్టిన పల్లె సంగీతం. మాండొలిన్, గిటారు, ఫిడేలు, నిలబెట్టి వాయించే పెద్ద బేసు, బాంజో ఉంటాయి. అందరూ ఒకే మైకు చుట్టూ చేరి, రైలు వెళ్ళిపోతోందన్నంత హడావిడిగా వాయిస్తారు. పాటలో ఎవరో ఒకరు చచ్చిపోతూ ఉంటారు, వరస మాత్రం పెళ్ళి ఊరేగింపులా ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు తల తిరిగింది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

బహుమతుల గురించి రాయను. రెండున్నాయి. ఒకటి పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం, రెండోది ఎక్కడుందో తెలీదు.

నేలమీద కూర్చున్న ఫిడేలు

మాది కాకినాడ. పదేళ్ళు ఫిడేలు నేర్చుకున్నాను. పెళ్ళయి మా ఆయన ప్రసాద్ గారితో మెల్‌బోర్న్ శివార్లలోని వెర్రిబీ వచ్చినప్పుడు నా సామానులో ఫిడేలు, ఆవకాయ జాడీ ఒకే పెట్టెలో వచ్చాయి. ఇప్పటికీ ఆ ఫిడేలు పెట్టె తెరిస్తే ఆవపిండి వాసన వస్తుంది. ఆయన నీటి పంపుల ఇంజనీరు. పొద్దున్నే వెళ్ళిపోయేవారు. నాకు పెరట్లో బట్టలారేసే తీగ, పక్కింటివాళ్ళ కుక్క, ఆకాశం మిగిలేవి. ఆకాశం మరీ ఎక్కువగా ఉండేది.

ఒకరోజు లైబ్రరీ గోడమీద చేత్తో రాసిన కాగితం కనిపించింది. ఫిడేలు వాయించే ఆడమనిషి కావాలి, నవ్వు ముఖం అక్కర్లేదు అని ఉంది. ఇంత నిజాయితీగల ప్రకటన నేనెక్కడా చూడలేదు. ఆ శనివారం ప్రసాద్ గారు నన్ను బాకస్ మార్ష్‌లో ఒక యాపిల్ తోటలోని రేకుల షెడ్డుకి తీసుకెళ్ళి దింపారు.

లోపల ముగ్గురు ఆడవాళ్ళున్నారు. బృందం పేరు రస్టీ గేట్ గర్ల్స్, అంటే తుప్పు గేటు అమ్మాయిలు. అమ్మాయిలంటే అమ్మాయిలేం కాదు. నాయకురాలు మోరీన్‌కి అప్పటికే యాభై దాటాయి. తోట ఆవిడదే. మాండొలిన్ వాయిస్తూ పాడుతుంది. క్యాథీది గిటారు, నా ఈడుది. డాట్‌ది బేసు. ఆవిడ మాట్లాడ్డం నేను ముప్పై ఏళ్ళలో పదిసార్లు విని ఉంటాను.

“ఏదీ, ఒకటి వాయించు లవ్” అంది మోరీన్. ఆవిడకి అందరూ లవ్వే, గొర్రెలతో సహా.

నేను పైట చెంగుతో నేల తుడుచుకున్నాను. మఠం వేసుకుని కూర్చున్నాను. ఫిడేలు తలని కుడి పాదం మీద ఆనించుకుని, శ్రుతి చూసుకుని, దండం పెట్టుకున్నాను. మనకి మామూలే కదా! తలెత్తి చూస్తే ముగ్గురూ మైకు చుట్టూ నిలబడి, బావిలోకి తొంగిచూస్తున్నట్టు నన్ను చూస్తున్నారు.

“కింద ఏమైనా పడిపోయిందా లవ్?” అంది మోరీన్.

మైకు వాళ్ళ మూతుల ఎత్తులో ఉంది. నేను వాళ్ళ మోకాళ్ళ ఎత్తులో ఉన్నాను. లేచి నిలబడి, వాళ్ళు చూపించినట్టు గడ్డం కింద ఫిడేలు పెట్టుకున్నాను. జారింది. మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ జారింది. మూడోసారి డాట్ చాచిన చేతిలో పడింది, లేకపోతే నా కథ అక్కడే ముగిసేది.

మోరీన్ షెడ్డంతా ఒకసారి కలయజూసింది. మూలన యాపిల్ పెట్టెల మీద ఒక బాంజో ఉంది. దాన్ని వాయించే అమ్మాయి క్వీన్స్‌లాండ్‌కి మకాం మారుస్తూ వదిలేసి వెళ్ళిందట. మోరీన్ దాని తోలుపట్టీ తీసి నా మెడలో వేసింది.

“ఇదైతే కనీసం నీ మీంచి జారదు” అంది.

ఆ విధంగా నేను బాంజో కళాకారిణినయ్యాను. వృత్తిని ఎంచుకున్నానని నేను చెప్పుకోను. మెడలో వేశారు. అలా నా మెడలో పడ్డవాటిలో అది రెండోది.

కానీ ఒక షరతు పెట్టింది. ఇక్కడ ఎండాకాలం డిసెంబరులో మొదలై ఫిబ్రవరితో అయిపోతుంది. “ఈ ఎండాకాలం చూస్తాను. ఫిబ్రవరి చివర మా సంగీతం జాతర ఉంది. అప్పటికి మాలో ఒకదానివైతే ఉంటావు. లేకపోతే ఒక పెట్టె యాపిల్స్ పట్టుకుని ఇంటికెళ్తావు, మనం స్నేహితులుగానే ఉంటాం.”

ఆ షెడ్డులో నిలబడ్డ గంటసేపు నేను ప్రసాద్ గారి భార్యని కాను, వీసా పేపర్లో డిపెండెంటుని కాను, కాకినాడ వసుంధరని. నాకా చోటు కావాలి. అంతవరకూ ఏదీ ఇది కావాలని అడిగి ఎరగను, అందుకని ఎలా అడగాలో కూడా తెలీలేదు. ఇంటికొచ్చి పప్పుకి పోపు పెడుతూ గట్టిగా, “నాకా చోటు కావాలండీ” అన్నాను. ప్రసాద్ గారు ఏ చోటని అడగలేదు. “ఐతే శనివారాలు నేను డ్రైవ్ చేస్తాను” అన్నారు.

మేజోడు

బాంజోకి అయిదు తీగలు. అయిదోది పొట్టిది, మెడ మధ్యలోంచి మొదలవుతుంది. బొటనవేలు దాన్ని మీటుతూనే ఉంటుంది, మన తంబురాలాగా. అది చూసి నాకు మేనమామ కనిపించినంత సంతోషమైంది. బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, రెండు వేళ్ళకి ఇనప తొడుగులు. వాటితోనే చపాతీలు కూడా చేశాను, ఎందుకంటే తీసి మళ్ళీ పెట్టుకోవడానికి బద్ధకం. రెండు నెలల్లో నా చేతివేగం చూసి క్యాథీ ఈల వేసింది.

వేగం రావడం తేలికండీ. కొత్తగా వచ్చే పిల్లలందరూ దానిమీదే పడతారు. ఈ పనిలో కష్టం వేగం కాదు, ఊరుకోవడం.

నేను పక్కవాద్యంలో పెరిగినదాన్ని. గాయకుడు ఒక సంగతి వేస్తే వెనకాలే ఆ సంగతి నేను వెయ్యాలి. ఆయన ఊపిరి తీసుకునేలోపు ఆ ఖాళీ నేను నింపాలి. అదే మర్యాద. కాబట్టి మోరీన్ ఏం పాడినా నేను వెనకాలే దాన్ని బాంజోమీద దించేశాను, గమకాలతో సహా. భేషంటుందనుకున్నాను.

మోరీన్ పాట ఆపేసింది. వసుంధర ఆవిడ నోట్లో వాస్ అయిపోయింది. “వాస్, డార్ల్, నాకు నీడ ఆల్రెడీ ఒకటుంది” అంది.

అది మొదటి తప్పు. రెండోది ఇంకా ఘోరం. ఈ సంగీతంలో పాట మధ్య ఒక్కొక్కరికీ ఒక విడత వస్తుంది. మైకు ముందుకు రావాలి, ఇరవై సెకన్లు వాయించాలి, పక్కకి తప్పుకోవాలి. మొదటిసారి నా వంతు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. కల్పనస్వరం అందుకున్నాను. ఒక ఆవర్తం, రెండావర్తాలు, ఆ తర్వాత లెక్కలు పెంచుకుంటూ ముక్తాయింపు దాకా తీసుకెళ్ళి, ఘనంగా ముగించి కళ్ళు తెరిచాను. క్యాథీ యాపిల్ పెట్టెమీద కూర్చుని ఉంది. డాట్ బేసుకి జేరబడి ఒక యాపిల్ సగం తినేసింది. మోరీన్ షెడ్డులో లేదు. బయట కోళ్ళకి గింజలు వేస్తోంది.

లోపలికొచ్చి, “అయిందా?” అంది మామూలుగా. కోప్పడితే బాగుండేది. తన గంబూట్ల పక్కనుంచి ఒక మందపాటి ఉన్ని సాక్సు తీసి, బాంజో వెనకభాగంలో కూరింది. ఇప్పుడు మీటితే తకతక మనే మోత పోయి, పక్కగదిలో ఎవరో తలుపు తడుతున్నట్టు వినిపించింది.

“ఎవరైనా పాడుతున్నప్పుడు నువ్వు ఇంతే” అంది. “నీ వంతొచ్చినప్పుడు తీస్తాను.”

బాంజో వాళ్ళంతా ఏదో ఒకటి కూరుకుంటారని, ఇల్లు నిద్రపోతున్నప్పుడు సాధన చెయ్యడానికి అది పాత చిట్కా అని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం మోరీన్ మేజోడు నా నోట్లో కూరినట్టే అనిపించింది. కారెక్కి ఏడ్చాను. కానీ ఆవిడ చేసిందే సరైన పని. నేను తర్వాత అప్పుడప్పుడు వేరే బృందాల్లో చాలామంది నాయకుల దగ్గర వాయించాను. మెచ్చుకుని చెడగొట్టినవాళ్ళున్నారు, అరిచి చెడగొట్టినవాళ్ళున్నారు. కోళ్ళకి గింజలు వేసి వచ్చి నేర్పించింది ఆవిడ ఒక్కతే.

మా ఆయన వెళ్ళే దారి

చేతులు దారికొచ్చాయి. గొంతు రాలేదు.

ఈ పాటల్లో ఒకరు వరస పాడితే, ఇంకొకరు దానికి పైన వేరే స్వరాలమీద అదే మాటలు పాడాలి. దాన్ని టెనర్ అంటారు. రెండు గొంతులూ పక్కపక్కన పట్టాల్లా సాగాలి, కలవకూడదు. నాకు టెనర్ ఇచ్చింది మోరీన్. మనకేమో చిన్నప్పట్నుంచీ పదిమంది కూర్చుంటే పదిమందీ ఒకే గొంతుతో పాడటం అలవాటు. వేరేగా పాడితే శ్రుతి తప్పిందని తొడమీద ఒకటి పడుతుంది. నేను పైన మొదలుపెట్టేదాన్ని. రెండో మాటకల్లా జారి మోరీన్ వరసలోకి వచ్చి కూర్చునేదాన్ని.

“మళ్ళీ నా ఒళ్ళోకొచ్చావు” అనేది మోరీన్.

డిసెంబరు అయిపోయింది. జనవరి వచ్చింది. శనివారాలు లెక్కపెట్టుకుంటే ఏడున్నాయి. నాకు నిజంగా భయమేసింది.

ప్రసాద్ గారి సంగతి ఇప్పుడు చెప్పాలి. నేను లోపల సాధన చేస్తుంటే ఆయన షెడ్డు బయట కార్లో కూర్చుని అన్నీ వినేవారు. పాటలన్నీ ఆయనకి కంఠతా వచ్చేశాయి. మాట పొల్లు పోదు. మోరీన్ యాస కూడా దించేశారు. వరస మాత్రం ఆయనది ఆయనదే. దేవుడు ఆయనకి చెవులిచ్చాడు, గొంతిచ్చాడు, రెండింటి మధ్య వైరింగు మర్చిపోయాడు. ఇంటికి వచ్చేదారి పొడుగునా పాడుతూ వచ్చేవారు. మా అమ్మాయి మేఘన పుట్టి, స్కూలుకి వెళ్ళే వయసొచ్చాక వెనకసీట్లోంచి, “డాడ్, ప్లీజ్, నాట్ అట్ స్కూల్ పికప్” అని మొత్తుకునేది. అంటే మీకు అర్థమై ఉంటుంది.

ఒక ఆదివారం కేరమ్ డౌన్స్ గుడికి వెళ్తున్నాం. వెస్ట్‌గేట్ బ్రిడ్జిమీద కార్లు ఆగిపోయాయి. ప్రసాద్ గారు స్టీరింగుమీద తాళం వేస్తూ మోరీన్ రాసిన పాటొకటి అందుకున్నారు. గేటు మూయడం ఎప్పుడూ మర్చిపోయే తన మొగుడిమీద రాసింది. గేటెయ్యి జార్జీ, గొర్రెలెళ్ళిపోతున్నాయి. గేటెయ్యి జార్జీ, నేనూ వెళ్ళిపోతాను. తెలుగులో చెప్తే ఇదీ పల్లవి.

“ఏవండీ, కాస్సేపు ఆపుతారా? నా టెనర్ నేను ఆలోచించుకుంటున్నాను.”

“నువ్వు పాడుకో వసూ, నేనేం అడ్డమా?” అని ఇంకా గట్టిగా ఎత్తుకున్నారు.

నాకు ఒళ్ళుమండింది. పంతం కొద్దీ నేనూ గట్టిగా టెనర్ అందుకున్నాను. మొదటి పాదం అయింది. రెండోది అయింది. పల్లవి మొత్తం అయిపోయింది. నేను జారలేదు!

మళ్ళీ పాడించాను. మళ్ళీ జారలేదు. బ్రిడ్జి మీద, అటు ఓడలూ ఇటు ఊరూ కనిపిస్తుంటే, నాకు కారు తలుపు తీసుకుని గంతులెయ్యాలనిపించింది. సంగతి ఏమిటంటే, మోరీన్ దారి బావుంటుంది కాబట్టి నేను అటు జారిపోయేదాన్ని. మా ఆయన వెళ్ళే దారి ఎవరూ వెళ్ళలేని దారి. వెళ్దామన్నా కాలు పెట్టే చోటుండదు. ఆయన పక్కన కూర్చుంటే నా స్వరంమీద నేను నిలబడటం తప్ప గత్యంతరం లేదు.

“ఏవండీ, మీరు రోజూ పాడాలి” అన్నాను.

“చూశావా” అన్నారాయన, నిజంగా మురిసిపోతూ.

ఆ ఏడు వారాలు మా కారు చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలీదు. పక్క రాష్ట్రంలో, టూంగాబీలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి పదిగంటలు ప్రయాణం చేసి వెళ్ళాం. పది గంటలూ పాడాం. దిగేసరికి ఇద్దరికీ గొంతు లేదు, ఆవిడ మాకు తగవైందనుకుని వేరే గదుల్లో పక్కలు వేసింది.

ఒకే మైకు

ఫిబ్రవరి చివర, ఎండ నలభై. ఊరు పేరెందుకు, గోధుమ గాదెలు, ఒక పబ్బు, ఒక మైదానం. స్టేజి అంటే లారీ ట్రాలీ.

స్టేజి ఎక్కబోయే పిల్లలకి రెండు మాటలు. ఒకటి, బాంజోకి మెడ పొడుగు. మైకు దగ్గరికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎటు తిరుగుతున్నావో చూసుకోవాలి. నేను ఆ రోజు మొదటి పాటలోనే డాట్ టోపీ ఎగరగొట్టాను. రెండు, ఈగలు. ఆస్ట్రేలియా ఎండాకాలంలో నోరు తెరిచి పాడేవాళ్ళకి ఈగ తప్పదు. మోరీన్ నియమం ఒకటే, మింగెయ్యి, పాట ఆపకు. నేను శాకాహారిని. ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు ఆ వ్రతం చెడిందో లెక్క చెప్పను.

మూడో పాట ‘గేటెయ్యి జార్జీ’. మోరీన్ వరస పాడుతుంది, పైన నేను, కింద క్యాథీ. ఆ పాటే నా పరీక్ష. బాంజోలో మేజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

ముందు వరసలో, మైకుకి సరిగ్గా ఎదురుగా, మడత కుర్చీలో ప్రసాద్ గారు. ఒళ్ళో పులిహోర డబ్బా. చరణం అయి మేం పల్లవి ఎత్తుకోగానే, పాపం ఆయన తప్పేం లేదు, ఏడు వారాల అలవాటు, కళ్ళు మూసుకుని గొంతెత్తి ఆయనా అందుకున్నారు.

అంత గట్టిగా, అంత నమ్మకంగా తప్పు పాడేవాళ్ళు మోరీన్ జీవితంలో ఎదురుపడలేదు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. గొంతు కదిలింది. అరస్వరం కిందికి, ఇంకో అరస్వరం కిందికి. ఆవిణ్ణి నమ్ముకున్న క్యాథీ కూడా ఆవిడ వెంటే జారింది. గిటారు ఒకటి చెప్తోంది, గొంతులు ఒకటి చెప్తున్నాయి. మోరీన్ ముఖంలో నేను మొదటిసారి, ఆఖరిసారి కంగారు చూశాను.

నాకేమో అది మా కారే! బ్రిడ్జి మీద ట్రాఫిక్కే! నా స్వరం మీద నేను నిలబడ్డాను. నిలబడి మోరీన్ కళ్ళలోకి చూస్తూ పాడాను. ఆవిడ నన్ను పట్టుకుని, నిచ్చెన ఎక్కినట్టు ఒక్కొక్క మెట్టే పైకొచ్చింది. రెండోసారి పల్లవికల్లా ముగ్గురం మూడు పట్టాలమీద ఉన్నాం. జనం కావాలని చేశామనుకుని ఈలలు వేశారు.

దిగగానే మోరీన్ తిన్నగా మడత కుర్చీ దగ్గరికి వెళ్ళింది. “ఎవరితను?”

“మా ఆయన. షెడ్డు బయట కార్లో కూర్చునేది ఈయనే.”

“నువ్వు ఇన్నాళ్ళూ సాధన చేసింది ఇతని పక్కనా?”

“అవును. కార్లో. రోజూ.”

మోరీన్ నవ్వింది. నవ్వి నవ్వి గడ్డిలో కూలబడింది. డాట్ కూడా నవ్వింది, అది నేను విన్న ఆవిడ పది మాటల్లో ఒకటిగా లెక్కేసుకోవచ్చు. ప్రసాద్ గారు అందరికీ పులిహోర పెట్టి, “ఎలా ఉంది?” అని అడిగారు. పులిహోర గురించో పాట గురించో నాకు తెలీదు.

మేజోడు తిరిగి ఇవ్వబోతే మోరీన్ తీసుకోలేదు. “ఉంచుకో. నీ చోటు నీది” అంది. “వచ్చే శనివారం ఇతన్ని బయట కార్లో కూర్చోబెట్టకు. లోపలికి తీసుకురా.”

అప్పట్నుంచీ మా బృందంలో అదొక పద్ధతైపోయింది. కొత్త పాట కట్టాక ప్రసాద్ గారిని మధ్యలో నిలబెట్టి పాడించేవాళ్ళం. ఆయన పాడుతుండగా మేం నిలబడగలిగితే ఆ పాట స్టేజి ఎక్కేది, లేకపోతే ఇంకో వారం సాధన. ముప్పై ఏళ్ళు ఆయన ఆ ఉద్యోగం చేశారు. చాలా గర్వంగా చేశారు.

రెంటినీ కలపమనేవాళ్ళకి

ఈ ప్రశ్న మిమ్మల్నీ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మన కర్ణాటక సంగీతాన్నీ దీన్నీ కలిపి ఏదైనా చెయ్యొచ్చు కదా ఆంటీ, అంటారు. మనవాళ్ళ సభల్లో భోజనాల క్యూ సాగుతుండగా రెండు నిమిషాలు అలా ఏదైనా వాయించమంటారు. నాకు ఫిల్టర్ కాఫీ ఇష్టం, పెరుగన్నం ఇష్టం. ఒకే గ్లాసులో పోసుకు తాగను. నేను కలపలేదు. కలిపి గొప్పగా చేసేవాళ్ళు ఉంటే వెళ్ళి చప్పట్లు కొడతాను. మీకు కలపాలనిపిస్తే కలపండి, ఎవరో అడిగారని మాత్రం కలపకండి.

నేను చేసిన అసలు తప్పు

రెండేళ్ళ క్రితం నా కుడి బొటనవేలు మొరాయించింది. కీళ్ళవాతం. అయిదో తీగ పలికించే వేలే మొండికేస్తే ఇక బాంజో ఎందుకు? ఏడ్చి, నవ్వి, దిగిపోయాను. నా ఆఖరి కచేరీకి మోరీన్ ఎనభై దాటిన వయసులో చక్రాల నడకబండి తోసుకుంటూ వచ్చి, “నీ విడత మళ్ళీ పొడుగైంది” అని తిట్టింది.

బృందం ఇప్పుడు క్యాథీ చేతిలో ఉంది. నా చోటుకి, నా బాంజో ఇచ్చి హారికని పంపించాను. వరంగల్ పిల్ల. యూనివర్సిటీ చదువుకి వచ్చి ఇక్కడే స్థిరపడింది, వెర్రిబీలో మందుల షాపులో ఫార్మసిస్టు. చేతివేగంలో నాకే అమ్మమ్మ. గొంతు మాత్రం సరిగ్గా నా రోగమే, రెండో మాటకి జారి క్యాథీ ఒళ్ళో కూర్చుంటుంది. క్యాథీ కూడా ఆ పిల్లకి ఎండాకాలమే గడువిచ్చింది.

“ఏం చెయ్యాలె ఆంటీ? నాకు నిద్ర వడ్తలేదు” అంది హారిక.

“ఏమీ చెయ్యకు. అంకుల్‌ని తీసుకెళ్ళు.”

అలా ప్రతి శనివారం హారిక కార్లో మా ఆయన. ఆయనా రిటైరయ్యారు కదా, ఈ కొత్త పోస్టింగుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవారు. నాకు నిశ్చింతగా ఉంది. ఇంతకంటే మంచి మందు లేదని నాకు తెలుసు.

నాలుగో వారం ఫోను. “ఆంటీ, ప్రాబ్లమ్ అయింది. అంకుల్ కరెక్ట్‌గ పాడుతున్నరు.”

“ఏమిటీ!”

“ట్యూన్ల ఉంటున్నరు ఆంటీ. మొత్తం పల్లవి. నేనే నేర్పిచ్చిన. తప్పు పాడుతుంటే నాకు ఓర్సుకోబుద్ధి కాలే. ఒక్కొక్క లైన్ ఆపి, గొంతు మీద చెయ్యి వెట్టుకొమ్మని, మెల్లగ పాడిపిచ్చిన. అంకుల్, ఇన్నేండ్లు ఎందుకు నేర్చుకోలేదు అని అడిగితే, నాకు ఎవరూ నేర్పలేదమ్మా అన్నరు.”

నేను ఫోను పెట్టేసి పొయ్యి ఆపేశాను.

ముప్పై ఏళ్ళు నేను పాఠాలు చెప్పాను. వెర్రిబీలో సగం మంది పిల్లలకి సరిగమలో, బాంజోనో నేర్పాను. స్వరం పలకదని వాళ్ళ అమ్మానాన్నలు వదిలేసిన పిల్లల చేత పాడించాను. ఇంట్లో ఉన్న మనిషికి ఒక్క పాదం నేర్పుదామని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు. ఎందుకు తోచలేదో నాకు తెలుసు, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన తప్పు పాడటం నాకు పనికొచ్చింది. పనికొచ్చేదాన్ని ఎవరు బాగుచేసుకుంటారు? నా చోటు నేను నిలబెట్టుకున్నది ఆయన్ని అలా వదిలేసి.

ఆయన ఇంటికి వచ్చాక అడిగాను. “మీకు నేర్చుకోవాలని ఉండేదా?”

చెప్పులు విప్పుతూ, “ఉండేది” అన్నారు. “కానీ నాకొస్తే నీకు ప్రాక్టీసు పోతుందిగా వసూ.”

పిల్లలూ, ఈ ఉద్యోగంలో నా పెద్ద తప్పు ఆ ఇరవై సెకన్ల విడతని కచేరీ చెయ్యడం కాదు. ఇది.

హారిక సంగతి మీకు ఆత్రంగా ఉంటుంది. ఆ పిల్ల ఉంది, చోటు తనదే. తప్పు పాడేవాడి పక్కన నిలబడటం కంటే వాడికి నేర్పడం మంచి సాధనట. వరస చెప్పిస్తూ చెప్పిస్తూ ఉంటే దానికి పైన తన స్వరం ఎక్కడుందో తనకే తెలిసిపోయిందట. నా ముప్పై ఏళ్ళ పద్ధతిని నాలుగు శనివారాల్లో కొట్టిపారేసింది. మేజోడు మాత్రం తీసుకుంది.

గత ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం కేరమ్ డౌన్స్ బయల్దేరాం. బ్రిడ్జిమీద ఎప్పటిలాగే కార్లు ఆగాయి.

“ఏవండీ, పాడండి” అన్నాను.

“నవ్వకూడదు.”

“నవ్వను.”

గొంతు సవరించుకున్నారు. గొంతుమీద చెయ్యి పెట్టుకున్నారు, హారిక చెప్పినట్టు. గేటెయ్యి జార్జీ. మొదటి మాట సరిగ్గా దాని చోట పడింది. రెండోదీ పడింది. ఒళ్ళంతా చెమటలు పడుతూ, రోడ్డు చూస్తూ, ఒక్కొక్క స్వరం గాజు గ్లాసులా దించుతున్నారు. నేను పైన నా టెనర్ అందుకున్నాను. ముప్పై ఏళ్ళు ఒకే కార్లో పాడుకున్నాం, మా రెండు గొంతులూ కలిసి ఎలా ఉంటాయో నేను అంతవరకూ వినలేదు. అబ్బ, ఎంత బావున్నాయో! నవ్వనన్నాను కాబట్టి ఏడ్చాను.

నేను ఏడవడం చూసి ఆయన పొంగిపోయారు. ఆ ఊపులో రెండో చరణం గట్టిగా ఎత్తుకున్నారు, హారిక నేర్పినదంతా బ్రిడ్జి మీంచి నదిలో పడిపోయింది. పాత దారి. ఎవరూ వెళ్ళలేని దారి. కళ్ళు మెరుస్తున్నాయి, చెయ్యి స్టీరింగు మీద తాళం వేస్తోంది, తప్పిపోయానని ఆయనకి తెలీనే తెలీదు.

నా స్వరం నా గొంతులో సిద్ధంగా ఉంది. దాన్ని వదలకుండా ఉండటమే నా ఉద్యోగం. కానీ నేను రిటైరయ్యాను కదా. వదిలేసి, ఆయన ఎటు వెళ్తే అటు, తప్పుకి తప్పు పాడుతూ, ఆయన వెంట వెళ్ళిపోయాను. పక్క కారులో ఒకాయన కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు.